సన్మాన పత్రం

మా ఇంటర్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో పోయిన నెల ఒక మెసేజ్ వచ్చింది. మా ఫిజిక్స్ సార్ ఇక పాఠాలు చెప్పడం మానేస్తున్నారట. సుచిత్ర దగ్గర ఫంక్షన్ హాల్ మాట్లాడేశారు. శాలువా, మెమెంటో, గజమాల, తర్వాత భోజనాలు. మనిషికి 1,000 చందా. దాని కిందే నాకోసం ఇంకో మెసేజ్: "మామా, నువ్వేవో వ్యాసాలు రాస్తుంటావ్ కదా. సన్మాన పత్రం నీదే." 40 మందికి పైగా దానికి బొటనవేలు గుర్తు పెట్టారు.

సన్మాన పత్రం తెలుగులో విమర్శకుడికి చోటు లేని ఒకే ఒక్క సాహిత్య ప్రక్రియ అనుకుంటా. పైన పేరు, కింద విశేషణాలు. విద్యాదాత, మార్గదర్శి, నిత్య కృషీవలుడు, అపర ద్రోణాచార్యుడు. ఈ చివరిది ఎవరు మొదలుపెట్టారో గానీ, రాసేవాడికీ చదివేవాడికీ ఏకలవ్యుడు గుర్తుకు రాకపోవడం ఒక వింత. కేంద్ర ప్రభుత్వం 1985లో ఆటల కోచ్‌లకి పురస్కారం పెట్టినప్పుడు కూడా ఆ పేరే పెట్టింది. శిష్యుడి వేలు తీసుకున్న గురువు పేరు మీద గురువులకి బహుమతి. మనకి అందులో ఏ తేడా కనపడలేదు.

ఆ పత్రం ఇంకా రాయలేదు. ఎందుకు రాయలేకపోతున్నానో తేల్చుకుందామని ఈ వ్యాసం మొదలుపెట్టాను.

మా వైపు కోచ్ అన్న మాటకి ఆటలతో సంబంధం తక్కువ. నేను పుట్టి పెరిగింది జీడిమెట్లలో. నాన్న ఐడీఏలో ఒక ఫౌండ్రీలో షిఫ్టులు చేసేవాడు. వాన పడ్డ రాత్రి ఫార్మా కంపెనీలు వదిలే వాసనకి కిటికీలు మూసుకుని పడుకోవడం, పొద్దున సైరన్‌కి లేవడం మా చిన్నతనం. ఇక్కడ పిల్లాడికి కోచింగ్ ఇప్పించారంటే ఎంసెట్‌కో ఐఐటీకో. నల్లకుంటలో చుక్కా రామయ్య గారి దగ్గర సీటు రావాలంటే అదొక ఎంట్రన్స్, ఆ ఎంట్రన్స్‌కి మళ్లీ కోచింగ్. రామయ్య గారిది నిరాడంబరమైన జీవితం. ఆయన వల్ల లెక్కల మాస్టారు అనే మనిషికి వచ్చిన గౌరవాన్ని తర్వాత కార్పొరేట్ కాలేజీలు హోర్డింగుల మీదికి ఎక్కించాయి. షాపూర్‌నగర్ చౌరస్తాలో సినిమా హీరో పక్కన లెక్చరర్ ఫ్లెక్సీ ఉంటే మాకు ఏమీ అనిపించేది కాదు. రిజల్ట్స్ రోజు పేపర్ మొదటి పేజీలో ఒకటి, ఒకటి, రెండు, రెండు, మూడు అని ర్యాంకుల వరస. ఆ వరసకి కారణం పిల్లలు కాదు, సార్లు.

కోచ్ అంటే కఠినంగా ఉండాలి, అది మనకి ఇష్టం. 2016లో రియోలో సింధుకి రజతం వచ్చాక ఊరంతా చెప్పుకున్న కథ ఏంటి? గోపీచంద్ ఆమె ఫోన్ మూడు నెలలు తీసేసుకున్నాడని, ఐస్‌క్రీమ్ తిననివ్వలేదని. అది వాళ్లిద్దరి మధ్య ఒప్పందం, దాని ఫలితం మన కళ్ల ముందు ఉంది, నాకు పేచీ లేదు. నేను చూసింది ఆ కథని మా కాలనీ నాన్నలు ఎలా వాడుకున్నారనేది. "చూశావా, ఫోన్ గుంజుకుంటేనే మెడల్ వచ్చింది." ఆ నెలలో మా వీధిలో ఎన్ని ఫోన్లు బీరువాల్లోకి పోయాయో. ఆమె బ్యాక్‌హ్యాండ్ గురించి ఎవరూ మాట్లాడలేదు.

*

2011 నవంబర్‌లో నాకు ఉద్యోగం కొత్త. క్లయింట్ పెన్సిల్వేనియాలో. రాత్రి ఎనిమిదిన్నరకి కాల్. అవతల మేనేజర్ అరవై దగ్గర పడ్డ తెల్లాయన, మంచి మనిషి, కోపం ఎరగడు. ఆ వారం ఒకరోజు కాల్‌లో మాట్లాడలేకపోయాడు. అప్పుడు తెలిసింది, ఆయన పెన్ స్టేట్ యూనివర్సిటీలో చదివాడని, వాళ్ల ఫుట్‌బాల్ కోచ్‌ని తీసేశారని. ఒక కోచ్‌ని తీసేస్తే ఇంత బాధేంటి, మన దగ్గర సీఎంలని తీసేస్తేనే ఎవరూ ఏడవరు అనుకున్నా. తర్వాత గూగుల్ చేశాను.

అది మన ఫుట్‌బాల్ కాదు, వాళ్లది. కోడిగుడ్డు ఆకారం బంతి, హెల్మెట్లు. ప్రొఫెషనల్ లీగ్ కంటే కాలేజీల ఆటకి పిచ్చి ఎక్కువుండే ఊళ్లు చాలా ఉన్నాయి. పెన్ స్టేట్ వాళ్ల స్టేడియంలో లక్షా ఆరు వేల మంది పడతారు. మన ఉప్పల్ స్టేడియం లాంటివి దాదాపు రెండు. జో పటర్నో అక్కడ 1966 నుంచి 2011 దాకా, 46 సీజన్లు హెడ్ కోచ్. 409 విజయాలు. మందపాటి కళ్లద్దాలు, పైకి మడిచిన ప్యాంటు, నల్ల బూట్లు. తన ఆటగాళ్లు డిగ్రీ పూర్తి చేసి తీరాలని పట్టుబట్టేవాడు. లైబ్రరీ కోసం తన డబ్బు లక్షల డాలర్లు ఇచ్చాడు, ఆ లైబ్రరీకి ఇప్పటికీ ఆయన పేరే. 2001లో, ఆయన బతికుండగానే, స్టేడియం బయట కంచు విగ్రహం పెట్టారు. యూనివర్సిటీ క్రీమరీలో ఆయన పేరున పీచ్ ఐస్‌క్రీమ్ ఉంది, ఇప్పటికీ అమ్ముతారు.

2011 నవంబర్ 5న ఆయన దగ్గర చాలా ఏళ్లు అసిస్టెంట్ కోచ్‌గా చేసిన జెర్రీ సాండస్కీ అరెస్టయ్యాడు. ఏళ్ల తరబడి చిన్న పిల్లల మీద లైంగిక దాడులు. పేద ఇళ్ల పిల్లలకి సాయం పేరుతో అతనే ఒక సంస్థ పెట్టి, అందులోంచే పిల్లల్ని ఎంచుకున్నాడు. 2001లో టీమ్ షవర్ గదిలో తాను చూసినదాన్ని ఒక జూనియర్ కోచ్ వచ్చి పటర్నోకి చెప్పాడు. పటర్నో తన పైవాళ్లకి చెప్పాడు. అంతటితో ఆగిపోయాడు. పోలీసులకి ఎవరూ చెప్పలేదు. ఇంకా పదేళ్లు సాండస్కీ ఆ క్యాంపస్‌లో తిరుగుతూనే ఉన్నాడు. నవంబర్ 9 రాత్రి యూనివర్సిటీ ట్రస్టీలు పటర్నోకి ఫోన్ చేసి ఉద్యోగం లేదని చెప్పారు. ఇంకా ఎక్కువ చేసి ఉండాల్సింది అని అంతకు కొన్ని గంటల ముందే ఆయన తన ప్రకటనలో ఒప్పుకున్నాడు.

ఆ రాత్రి వేలమంది విద్యార్థులు రోడ్ల మీదికొచ్చారు, పిల్లల కోసం కాదు, కోచ్ కోసం. ఒక టీవీ వ్యాన్‌ని తిరగేశారు. వీడియో చూశాను. వాళ్లందరిదీ నా వయసే. వ్యాన్ ఎక్కి నిలబడ్డ కుర్రాడి ముఖంలో కోపం కంటే భయం ఎక్కువ కనిపించింది నాకు.

రెండు రోజుల తర్వాత మా మేనేజర్ కాల్‌లో కాస్త మాట్లాడాడు. ఆయనేం చేశాడో మీకు తెలీదు, మమ్మల్ని మనుషుల్ని చేశాడు అన్నాడు. మా అన్నప్పుడు ఆయన గొంతు మారింది. నేను "అవునండీ, అర్థం చేసుకోగలను" లాంటిదేదో అని డిఫెక్ట్ లిస్ట్ ఓపెన్ చేశాను. కానీ నిజంగానే అర్థమైంది. ఎలా అర్థమైందో నాక్కూడా ఇబ్బందిగానే అనిపించింది.

మిగతాది త్వరగా చెప్పేస్తా. 2012 జనవరి 22న పటర్నో క్యాన్సర్‌తో పోయాడు. జూన్‌లో సాండస్కీ మీద 45 నేరాలు రుజువయ్యాయి, తర్వాత 30 నుంచి 60 ఏళ్ల శిక్ష పడింది. జులై 22న విగ్రహం తీసేశారు. కాలేజీ ఆటల సంఘం ఆరు కోట్ల డాలర్ల జరిమానా వేసి, పటర్నో లెక్కలోంచి 111 విజయాలు కొట్టేసింది. 2015లో ఆ 111 మళ్లీ తిరిగొచ్చాయి. 2016 సెప్టెంబర్‌లో ఆయన కోచ్‌గా ఆడించిన మొదటి ఆటకి 50 ఏళ్లయిందని అదే స్టేడియంలో స్మరించుకున్నారు. ఆయన ఎంత తెలిసి ఊరుకున్నాడన్న వాదన ఇంకా తేలలేదు, స్వతంత్ర విచారణ రిపోర్టుని కుటుంబం ఒప్పుకోదు. కోర్టు కాగితాల్లో పిల్లలకి పేర్లుండవు. బాధితుడు 1, బాధితుడు 2, అలా. వాళ్ల మంచికే. కానీ ఒక వైపు 409 విజయాల మనిషి, ఇంకో వైపు వరస సంఖ్యలు. జనం ఎటు చూస్తారు?

*

ఆ మేనేజర్ గొంతు నాకు అర్థం కావడానికి కారణం 2000 సంవత్సరం.

అజహరుద్దీన్ కోచ్ కాదు, కెప్టెన్. కానీ హైదరాబాద్‌లో 80ల్లో, 90ల్లో బ్యాట్ పట్టిన ప్రతివాడికీ గురువు ఆయనే. చింతల్ హెచ్ఎంటీ వైపు ఖాళీ స్థలాల్లో ఆడే కార్మికుల పిల్లలందరికీ ఆఫ్ స్టంప్ బయట పడ్డ బంతిని మణికట్టుతో లెగ్‌సైడ్ తిప్పాలన్న యావ. కోచింగ్ పుస్తకాల్లో అది తప్పు. ఆయన చేశాడు కాబట్టి మాకు ఒప్పు. లేపిన కాలర్, మెడలో తాయత్తు. మా అన్నయ్య స్కూల్ యూనిఫామ్ కాలర్ కూడా లేపుకునేవాడు. అమ్మ తిట్టేది.

1984 డిసెంబర్ 31న కోల్‌కతాలో మొదటి టెస్ట్. మొదటి మూడు టెస్టుల్లో మూడు సెంచరీలు, అంతకు ముందు ప్రపంచంలో ఎవరూ చెయ్యలేదు. 1992, 96, 99 మూడు వరల్డ్ కప్‌లకి కెప్టెన్. 2000 మార్చిలో బెంగళూరులో దక్షిణాఫ్రికా మీద 102. అది 99వ టెస్ట్. 100వది లేదు. సెంచరీతో మొదలై సెంచరీతో ముగిసింది. నాన్న ఆ 102ని డ్యూటీలో రేడియో మీద విన్నాడు. ఇంటికొచ్చి చేత్తో గాల్లో మణికట్టు తిప్పి చూపించాడు, ఫౌండ్రీ మసి ఇంకా కడుక్కోకముందే.

నెల తిరిగేసరికి, ఏప్రిల్ 7న, ఢిల్లీ పోలీసులు హాన్సీ క్రోన్యే ఫోన్ సంభాషణలు బయటపెట్టారు. నాలుగు రోజులు కాదన్న క్రోన్యే ఆ తర్వాత ఒప్పుకున్నాడు. జూన్‌లో దక్షిణాఫ్రికాలో కింగ్ కమిషన్ ముందు ఆయన చెప్పిన మాట హైదరాబాద్‌కి తగిలింది. 1996 కాన్పూర్ టెస్ట్ జరుగుతున్నప్పుడు ముకేశ్ గుప్తా అనే బుకీని తనకి పరిచయం చేసింది అజహరుద్దీన్ అని.

ఆ సిరీస్ నాకు బాగా గుర్తు, అంటే తర్వాత వీడియోల్లో చూసి గుర్తు. కోల్‌కతాలో దెబ్బ తగిలి బయటికెళ్లి, మళ్లీ వచ్చి క్లూస్‌నర్ ఒకే ఓవర్లో ఐదు ఫోర్లు కొట్టాడు. 77 బంతుల్లో 109. మ్యాచ్ ఓడిపోయాం, అయినా ఆ ఇన్నింగ్సే గుర్తుంది. తర్వాతి టెస్ట్ కాన్పూర్. అందులో 163 నాటౌట్. భారత్ 280 పరుగుల తేడాతో గెలిచింది. క్రోన్యే చెప్పింది నిజమైతే ఆ 163, ఆ పరిచయం ఒకే మ్యాచ్‌లోవి. ఈ వాక్యం రాయడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. ఆ 163 అబద్ధమని నేనిప్పటికీ అనుకోలేను. ఆ కవర్ డ్రైవ్‌లని ఎవరూ కొనలేదు. కానీ ఆ వాక్యంలోంచి "నిజమైతే" అన్న మాట తీసేయడానికి గానీ, దాని వెనక దాక్కోవడానికి గానీ నాకు ధైర్యం చాలదు.

నవంబర్‌లో సీబీఐ రిపోర్ట్ వచ్చింది. విచారణలో కొన్ని మ్యాచ్‌ల విషయం ఆయన ఒప్పుకున్నట్టు అందులో ఉంది. ఆయన తర్వాత దాన్ని ఖండించారు. డిసెంబర్ 5న బోర్డు ఆయనకీ అజయ్ శర్మకీ జీవితకాల నిషేధం వేసింది, జడేజా, ప్రభాకర్‌లకి ఐదేళ్లు. నేను ఆరో తరగతి.

మర్నాడు ఆదివారం కాకపోయినా నాన్న నన్ను క్షవరానికి తీసుకెళ్లాడు. పేపర్ అక్కడైతే ఫ్రీ. షాపూర్‌నగర్‌లో ఆ సెలూన్ అద్దం పైన రెండు ఫోటోలు ఉండేవి, ఒకటి మక్కా, రెండోది అజ్జూ భాయ్. ఆ రోజు షాపులో ఆరేడుగురున్నారు. గణేశ్ చందాకి తిరిగేవాళ్లు, రంజాన్‌కి హలీమ్ స్టాల్ పెట్టేవాళ్లు, అందరూ ఒకే మాట. కావాలని ఇరికించారు. ముంబై వాళ్లని, ఢిల్లీ వాళ్లని వదిలేసి మన వాణ్ని పట్టుకున్నారు. మైనారిటీ కాబట్టే తనని లక్ష్యం చేసుకున్నారని అజహర్ అన్నట్టు ఆ రోజుల్లో పత్రికల్లో వచ్చింది, దేశమంతా దుమారం రేగింది. ఆ షాపులో మాత్రం హిందువులు కూడా ఇరికించారనే అన్నారు, కాకపోతే వాళ్ల లెక్కలో హైదరాబాదీ కాబట్టి. నాన్న ఒక్కడే వేరే మాట అన్నాడు. "తీస్కుంటె తీస్కున్నడు. ఆ చెయ్యి తిప్పుడు ఎవనికొస్తది?"

చాలా ఏళ్లు ఆ మాటని నేను పెద్ద మనసు అనుకున్నా. తర్వాత కొంతకాలం నైతిక పతనం అనుకున్నా, ఇంజినీరింగ్‌లో ఉన్నప్పుడు, ఆ వయసులో అంతా నైతిక పతనంలాగే కనిపిస్తుంది. ఇప్పుడు అనిపిస్తోంది, నాన్న అజహర్‌ని సమర్థించలేదని. ఫౌండ్రీలో 20 ఏళ్లుగా చేతులు కాల్చుకుంటున్న మనిషికి, ఒక హైదరాబాదీ చేతిలో అంత అందం ఉందన్నది సొంత ఆస్తి లాంటిది. నేరం రుజువైతే దోషి అజహర్ అవుతాడు, ఆస్తి మాత్రం నాన్నది పోతుంది. పెన్సిల్వేనియా మేనేజర్‌దీ అదే గొంతు.

దక్షిణాఫ్రికాలోనూ అంతే జరిగింది. క్రోన్యే తానే ఒప్పుకున్నాడు, ఏడ్చాడు. 2002 జూన్ 1న విమాన ప్రమాదంలో పోయాడు. రెండేళ్ల తర్వాత అక్కడి టీవీ ఛానెల్ మహనీయుల జాబితాకి జనాన్ని ఓట్లడిగితే ఆయనకి 11వ స్థానం ఇచ్చారు. ఒప్పుకున్నవాడికీ అదే, కాదన్నవాడికీ అదే. అంటే అభిమానానికి తీర్పుతో పెద్దగా పని లేదు.

తీర్పు సంగతీ చెప్పాలి. అజహర్ కోర్టుకి వెళ్లారు. 2012 నవంబర్ 8న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధం చెల్లదని కొట్టేసింది. అప్పటికి ఆయనకి 49 ఏళ్లు. ఈ మధ్యలోనే, 2009లో, మొరాదాబాద్ నుంచి కాంగ్రెస్ ఎంపీ అయ్యారు. 2016లో ఆయన మీద హిందీ సినిమా వచ్చింది. 2019 సెప్టెంబర్‌లో హైదరాబాద్ క్రికెట్ అసోసియేషన్ అధ్యక్షుడయ్యారు, ఆ డిసెంబర్‌లోనే ఉప్పల్‌లో నార్త్ స్టాండ్‌కి ఆయన పేరు పెట్టారు. ఆయనే అధ్యక్షుడు, ఆయన పేరే. 2025 ఏప్రిల్‌లో అసోసియేషన్ అంబుడ్స్‌మన్ అది స్వప్రయోజనం కిందికి వస్తుందని, పేరు తీసేయమని ఆదేశించారు. హైకోర్టు దానికి అడ్డుకట్ట వేసింది. అక్టోబర్ 31న ఆయన తెలంగాణ మంత్రిగా ప్రమాణం చేశారు.

అమెరికాలో విగ్రహం తీశారు, మనం స్టాండ్ కట్టాం, చూడండి మన సంస్కారం అని ఒక చౌకబారు పోలిక చేసెయ్యొచ్చు. చెయ్యను. అక్కడ పిల్లల జీవితాలు, ఇక్కడ డబ్బు. రెండూ ఒక తూకంలో పెట్టేవి కావు. పైగా ఇక్కడ కోర్టు నిషేధాన్ని కొట్టేసింది. నాకు పట్టింది చిన్న విషయం. ఆ 25 ఏళ్లలో మా సెలూన్‌లో గానీ, మా ఆఫీసు క్యాంటీన్‌లో గానీ, "అసలేం జరిగింది?" అని ఎవరూ అడగడం నేను వినలేదు. తీసుకున్నాడు అనేవాళ్లున్నారు, ఇరికించారు అనేవాళ్లున్నారు. కింగ్ కమిషన్‌లో ఏముంది, సీబీఐ ఏం రాసింది, హైకోర్టు దేన్ని కొట్టేసింది, నిజంగా చదివినవాడు ఒక్కడు తగల్లేదు. నేనూ చదివింది 30 దాటాకే.

*

ఇదే ఊళ్లో నిజంగా కోచ్ అయిన మనిషి ఒకాయన ఉండేవాడు. సయ్యద్ అబ్దుల్ రహీమ్. స్కూల్ మాస్టారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకి కోచ్ అయ్యాక, 1950 నుంచి 54 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్ వాళ్లదే. భారత జట్టుకి 1951 ఢిల్లీ ఏషియన్ గేమ్స్‌లో స్వర్ణం. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, ఆ ఎత్తుకి మనం మళ్లీ వెళ్లలేదు. 1962లో జకార్తాలో మళ్లీ స్వర్ణం.

ఆయన పద్ధతి గురించి చదువుతుంటే నాలోని ఇంజినీర్ లేచి కూర్చుంటాడు. బంతి కాళ్ల దగ్గర పెట్టుకుని గిరికీలు కొట్టే అలవాటు పోగొట్టడానికి డ్రిబ్లింగే చేయకూడదన్న నియమంతో కుర్రాళ్లకి టోర్నమెంట్లు పెట్టేవాడు. ఇంకోటి, చేతకాని కాలితో మాత్రమే ఆడాలి. కుడికాలు వాటం ఉన్నవాడు ఎడమకాలితోనే. మెల్‌బోర్న్‌లో ఒక ఫార్వర్డ్‌ని వెనక్కి లాగి ఆడించాడు. 1958లో బ్రెజిల్ 4-2-4 అని లోకం నోరు తెరిచే నాటికి ఆ ఆలోచన ఫతే మైదాన్ దగ్గర పాతబడింది.

మచ్చలు కాదు గానీ దెబ్బలు ఆయనకీ ఉన్నాయి. 1952 హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 10-1. చాలామంది మనవాళ్లు ఉత్త కాళ్లతో ఆడారు. ఆ తర్వాతే బూట్లు తప్పనిసరి అయ్యాయి. పది గోల్స్ తిన్న కోచ్‌ని ఇవాళైతే ఎయిర్‌పోర్టు దాటనిస్తామా?

జకార్తా ఫైనల్ 1962 సెప్టెంబర్ 4, దక్షిణ కొరియా మీద. తైవాన్, ఇజ్రాయెల్ జట్లని రానివ్వనందుకు మన అధికారి ఒకరు ఇండోనేషియాని విమర్శించడంతో స్టేడియం మొత్తం మనకి ఎదురు. జర్నైల్ సింగ్ తలకి కుట్లు. డిఫెండర్ అయిన అతన్ని సెంటర్ ఫార్వర్డ్‌గా దింపాడు రహీమ్. తంగరాజ్ ఫ్లూ నుంచి లేచి గోల్‌లో నిలబడ్డాడు. పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి. 2-1. అప్పటికే రహీమ్‌కి ఊపిరితిత్తుల క్యాన్సర్. 1963 జూన్ 11న పోయాడు. అమ్ముగూడ నుంచి వచ్చిన తులసీదాస్ బలరామ్ లాంటి ఆయన శిష్యులు 80 ఏళ్లు దాటాక కూడా ఇంటర్వ్యూల్లో ఆయన్ని రహీమ్ సాబ్ అనే అన్నారు.

మా ఇంటి నుంచి అమ్ముగూడ ఎంత దూరమని. 2024లో అజయ్ దేవగణ్ సినిమా వచ్చేదాకా నేను రహీమ్ పేరు వినలేదు. నాన్న విన్నాడట, కానీ ఎప్పుడూ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని అడిగితే, చెప్పేదేముంది, మంచోడు కదా అన్నాడు.

ఆ మాట నన్ను పట్టుకుంది. అజహర్ గురించి మా ఇంట్లో 25 ఏళ్లుగా మాట్లాడుతూనే ఉన్నాం, ఎందుకంటే ఆయన్ని ఎవరో ఒకరు ఏదో అంటారు, మనం కాదనాలి. కాదనాలంటే 163 చెప్పాలి, 109 చెప్పాలి, మణికట్టు తిప్పి చూపించాలి. మచ్చ పడ్డ బొమ్మని రోజూ తుడుస్తాం, అందుకే అది మెరుస్తుంటుంది. రహీమ్‌ని ఎవరూ ఏమీ అనలేదు. ఆయన తరఫున వాదించాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. దుమ్ము పట్టింది.

*

ఇక మా సార్. 2005. ఇంటర్ సెకండియర్, రెసిడెన్షియల్. పొద్దున ఐదుకి లేపి రాత్రి పదకొండు దాకా. సార్ క్లాసు మాత్రం నిజంగా పండగ. తిరిగే చక్రం మీద కోణీయ ద్రవ్యవేగం ఎందుకు నిలబడుతుందో కుర్చీలో గుండ్రంగా తిరిగి చూపించేవాడు. ఆ రోజు అర్థమైంది నాకు ఇవాళ్టికీ అర్థమయ్యే ఉంది. కొట్టేవాడు కూడా. సార్ చేతి దెబ్బ తింటే ర్యాంకు గ్యారంటీ అని మాలో ఒక నమ్మకం. తిన్నవాడు చెంప తడుముకుంటూ గొప్పగా తిరిగేవాడు. నేనూ తిన్నాను, నేనూ తిరిగాను.

అక్టోబర్‌లో ఒకరోజు వెనక బెంచీ కుర్రాణ్ని కొట్టాడు. చెవి మీద తగిలింది. కర్ణభేరి చిట్లింది. వాడు హోంసిక్ ఏమోలే అని రెండు రోజులు ఎవరూ పట్టించుకోలేదు, తర్వాత దిండు మీద రక్తం మరక చూసి వార్డెన్ హాస్పిటల్‌కి పంపాడు. సిద్దిపేట వైపు నుంచి వాళ్ల నాన్న వచ్చాడు. రైతు. గేటు దగ్గర నిలబడి అరిచాడు, కేసు పెడతా అన్నాడు. ఆ సాయంత్రం స్టడీ అవర్‌లో మమ్మల్ని తలా ఒక తెల్లకాగితం తీసుకోమన్నారు. ఏం రాయాలో చెప్పలేదు. "సార్ గురించి మీకేం తెలుసో అది రాయండి" అన్నారంతే. మేం చాలు. సార్ వెళ్లిపోతే మా ర్యాంకులు ఏమవుతాయి? ఎవడో వెనక బెంచీ వాడి కోసం? ఆ హాల్లో ఎవరూ మమ్మల్ని బలవంతపెట్టలేదు. బలవంతపెట్టారని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను, కానీ లేదు.

నా తెలుగు బాగుండేది. నేను రాసింది పైకి చదివి, అందరినీ ఇలా రాయమన్నారు. ఏం రాశానో నాకు వరసగా గుర్తుంది. సార్ మాకు తండ్రి లాంటివారని రాశాను. ఆ అబ్బాయికి ముందు నుంచే చెవి సమస్య ఉందని విన్నామని రాశాను. విన్నామని. ఎవరి దగ్గరా వినలేదు. ఆ క్షణంలో కలం నుంచి వచ్చింది, వాక్యం నడకకి అక్కడ ఏదో ఒకటి కావాలి. కొన్నాళ్లకి ఆ మాట హాస్టల్ మొత్తం నిజమైపోయింది. వాడి నాన్న ఆ కాగితాలు చదివాడో లేదో తెలీదు. కేసు లేదు. వాడు టీసీ తీసుకుని వెళ్లిపోయాడు. సార్ మర్నాడు క్లాసుకి వచ్చి ఏమీ మాట్లాడకుండా బోర్డు మీద తేదీ వేసి పాఠం మొదలుపెట్టాడు. మేం బల్లలు చరిచాం.

నా రచనల్లో ఎవరి జీవితాన్నైనా మార్చింది అదొక్కటే. పుస్తక సమీక్షలు చాలా రాశాను, వాటి వల్ల ఒక్క కాపీ అమ్ముడుపోయినట్టు ఆధారం లేదు.

సార్‌ని రాక్షసుడిగా చూపించడం సులువు. కాదు. ఆయన నేర్పిన ఫిజిక్స్ వల్లే నాకు ఇంజినీరింగ్ సీటొచ్చింది, ఫౌండ్రీ మసి మా ఇంటి నుంచి పోయింది. పెన్ స్టేట్ మేనేజర్‌లా నేనూ అనగలను, మనిషిని చేశాడని. అందుకే ఆ వ్యాన్ మీద నిలబడ్డ కుర్రాడి ముఖంలో భయం గుర్తుపట్టాను. తేడా ఒక్కటే, వాడు వ్యాన్ తిరగేశాడు, నేను పేరా రాశాను. వాడి దానికంటే నాదే ఎక్కువ పనికొచ్చింది.

పోయిన వారం గ్రూపులో అడిగాను, వాడి నంబర్ ఎవరి దగ్గరైనా ఉందా అని. చాలాసేపు ఎవరూ పలకలేదు. తర్వాత ఒకడు, "ఎవడ్రా వాడు?" అన్నాడు. ఇంకొకడు, "చెవి ప్రాబ్లమ్ ఉండేది చూడు, వాడు" అన్నాడు. తర్వాత మెనూలో మటన్ ఉండాలా వద్దా అన్న చర్చ మొదలైంది.

ఫంక్షన్ ఈ ఆదివారం. ఫ్లెక్సీ డిజైన్ వచ్చేసింది, సార్ జుట్టు నల్లగా చేశారు. అడ్మిన్ రోజూ గుర్తు చేస్తున్నాడు, "మామా, పత్రం?" అని. ల్యాప్‌టాప్‌లో ఫైల్ తెరిచి ఉంది. పైన సార్ పేరు, దాని కింద తిరిగే కుర్చీ గురించి రెండు లైన్లు. అవి బాగున్నాయి, నిజం కూడా. మూడో లైన్ దగ్గర ఆగాను. చందా 1,000 మాత్రం అడిగిన రోజే ఫోన్‌పే చేసేశాను.